తలలోని కుంపటి

బెంగుళూరు నగర్తపేట సందులలో తెల్లవారుజామున మొట్టమొదట వినవచ్చునది చీపురు చప్పుడు. అంగళ్ళ తలుపులు తెరవకమునుపే, కంసాలి కుంపట్లున్న ఆ ఇరుకు వీధులలో, గడపల ముందును కాలువల అంచులందును పేరుకొన్న దుమ్మును మెత్తని కుంచెలతో ఊడ్చి, రేకు డబ్బాలలో నింపుకొని, నీటిలో మరలమరల కడిగి, పళ్ళెరము అడుగున మిగిలిన బంగారు రజనును వ్రేలికొనతో అద్ది చూచుకొను మనుష్యులను నేను బాల్యమునుండి ఎరుగుదును. ఉదయమంతయు ఊడ్చినను వారికి దొరకునది గోటిమీద నిలుచునంత. అయినను ఆ గోటిమీది నలుసు బంగారమే. ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరమున, హోసూరు రోడ్డుమీది మానసిక, నాడీ విజ్ఞాన సంస్థయైన నిమ్హాన్సు ప్రయోగశాలలో, ఇంచుమించు ఇట్టి పనియే కొందరు మనుష్యుని మెదడుపై చేసిరి. వారికి దొరకినదియు గోటిమీది నలుసంతయే. ఆ నలుసు కథ చెప్పుటకే ఈ వ్యాసము. కాని దానికంటె ముందు మా మేనత్త కథ చెప్పవలసియున్నది.

కెంపేగౌడ 1537లో పునాది వేసిన పాతపేటలో, నగర్త వర్తకుల పేర వెలసిన ఈ వీధికి ఒక దిక్కున చిక్కపేట పట్టుచీరల అంగళ్ళు, వేరొక దిక్కున చైత్రపూర్ణిమ రాత్రి కరగ ఉత్సవము బయలుదేరు ధర్మరాయస్వామి గుడి. బేరము కన్నడమున మొదలై, తగవు తెలుగున నడచి, లెక్క మార్వాడీలో ముగియు ఈ వీధులలో, మందుల షాపునకు నాలుగడుగుల దూరముననే మూలికల దుకాణము, ఇక్కడివారి మాటలో గ్రంధిగె అంగడి, కనబడును. గోనెసంచుల నోళ్ళు మడచి వరుసగా పెట్టిన కరక్కాయలు, తానికాయలు, పిప్పళ్ళు, అతిమధురము, సుగంధిపాల వేళ్ళు; గోడకు చిన్న చిన్న సొరుగులు, సొరుగునకొక చీటి; బల్లమీద ఇత్తడి రోలు; దూలమునకు వ్రేలాడు దారపు ఉండ. పాత వార్తాపత్రికను నాలుగు చదరములుగా చించి, చదరమునకొక చిటికెడు చూర్ణము పోసి, అంచులు మడచి పొట్లము కట్టు అంగడియజమాని చేతివేగమును చూచుచు నిలువబడినచో, వచ్చిన పని మరచిపోవుదుము. ఆ పొట్లముమీద పేరుండదు, మోతాదుండదు, తేదీ యుండదు. మొన్నటి వార్త మాత్రముండును.

మా మేనత్తకు అరువదియొకటవ యేట క్షయ పట్టినది. ఆరుమాసముల చికిత్స. మొదటి రెండునెలలు నాలుగు మందులు, తరువాత తక్కువ. వానితోపాటు ఒక చిన్న మాత్ర కూడ వ్రాసియిచ్చిరి. అది బి-6 విటమిను. ఆమె దానిని ‘శక్తి మాత్ర’ యని భావించి, ‘నాకు శక్తి ఎందుకు, ఈ వయసులో నేను మోయవలసిన మూటలు ఏమున్నవి’ అని రెండవ వారముననే మానివేసినది. నెల తిరుగునప్పటికి అరికాళ్ళ మంటలు మొదలయినవి. డాక్టరునొద్దకు పోవుటకు మారుగా గ్రంధిగె అంగడికి పోయి, మంటలకని చెప్పి, పొట్లములు తెచ్చుకొని, ఉదయము సాయంకాలము తేనెలో కలిపి సేవించినది. మరి మూడు వారములకు కన్నులు పచ్చబడినవి, అన్నము సయించలేదు, మూత్రము ఆవనూనె రంగునకు తిరిగినది. ఆసుపత్రిలో యువకుడైన వైద్యుడు లివరు పరీక్ష కాగితమును చేతబట్టుకొని, ఎంతో ఓర్పుగా అడిగినాడు:

“అమ్మా, ఈ మాత్రలు కాక ఇంకేమైనా మందులు తీసుకుంటున్నారా?”

“ఏమీ లేదు నాయనా.”

వెలుపలికి వచ్చిన పిదప నేను అడిగితిని: “మరి ఆ పొట్లాల మాటేమిటత్తా?”

“అది మందెట్లాగవుతుందిరా? చెట్టు వేరు గదా!”

ఆమె అబద్ధమాడలేదు. ఆమె దృష్టిలో మందనగా రేకులో పొదిగినది; వేరనగా వంటింటిది. నేను లోపలికి మరల పోయి చెప్పితిని. ఆ వైద్యుడు కోపించుకొనక, అన్నింటిని ఆపించి, కాలేయము కుదుటబడిన పిమ్మట క్షయమందులను ఒక్కొక్కటిగా, రోజులు ఎడమిచ్చి, పరీక్ష చేయుచు మరల ఆరంభించెను. బి-6 మాత్ర మరల చేరినది, పొట్లములు చేరలేదు. ఆమె బ్రతికి బట్టకట్టినది. కామెర్లకు కారణము ఆ మాత్రలా, ఆ పొట్లములా, లేక రెండును కలిసి చేసిన కుట్రయా అన్నది ఎవరును తేల్చలేదు. అట్టి కేసులలో తేలుట అరుదు.

ఆ అరికాళ్ళ మంటకు, ఆ కామెర్లకు కారణమని శంకింపదగిన మందు ఒక్కటే కావచ్చును: ఐసోనియాజిడ్. 1912లో ప్రేగు నగరమున ఇద్దరు రసాయనికులు దానిని తయారుచేసి, ప్రయోజనమెరుగక, విడిచిపెట్టిరి. నలువది సంవత్సరములు అది పుస్తకములలో నిద్రించినది. 1952లో అది క్షయక్రిమిని చంపునని తేలినప్పుడు ప్రపంచము సంబరపడినది. దాని తోబుట్టువైన ఇప్రోనియాజిడ్‌ను న్యూయార్కు నగరమునందలి స్టాటెన్ దీవిలోని సీవ్యూ ఆసుపత్రిలో రోగులకిచ్చినప్పుడు విచిత్రమొకటి జరిగెను. ఊపిరితిత్తుల సంగతి అటుండగా, మంచము దిగనొల్లని రోగులు లేచి తిరుగసాగిరి, ఆకలి పెరిగెను, వార్డులో చప్పట్లు చరచి ఆడుచున్న రోగుల ఛాయాచిత్రములు పత్రికలకెక్కెను. క్షయమందు మనసును మార్చుచున్నది! మెదడులోని మోనోఅమైన్ ఆక్సిడేజు అను ఎంజైమును ఆ మందు అడ్డగించుటచే, నాడీకణముల నడుమ సందేశములు మోయు ద్రవ్యములు త్వరగా నశింపకుండుటయే ఆ ఉల్లాసమునకు మూలమని క్రమముగా తెలిసికొనిరి. 1957 నాటికి అది మనోవ్యాకులతకు మందుగా వ్యాప్తిలోనికి వచ్చెను. నేటి యాంటిడిప్రెసెంటుల వంశమునకు అదియే మూలపురుషుడు. కాని నాలుగేండ్లకే, 1961లో, అమెరికాలో దానిని అంగళ్ళనుండి తొలగించిరి. కారణము కాలేయము. మెదడును తేర్చిన మందు లివరును చెడగొట్టినది.

ఔషధ పరివర్తనము, కాలేయ విషము, నాడీ ఔషధశాస్త్రము అని విశ్వవిద్యాలయములు మూడు వేర్వేరు గదులకు వేసిన మూడు పలకలు ఈ ఒక్క మందు కథలో ఒకే గుమ్మము మీద వ్రేలాడుచున్నవి. దేహమునకు ఆ గోడలు లేవు.

మనము మ్రింగిన మాత్ర మ్రింగినట్లే పనిచేసి వెళ్ళిపోవునని సామాన్యముగా అనుకొందుము. ఆ భ్రమను విడువవలెను. కంసాలి ముందు పెట్టిన పాత నగ వలె, మందు కాలేయమును చేరినంతనే కరుగును, విరుగును, మరియొక దానితో అతుకబడును. తైలగుణము గల ద్రవ్యమును నీటిలో కరగునట్లు చేసి మూత్రమార్గమునో పిత్తమార్గమునో సాగనంపుటయే ఈ పరివర్తనములో చాలభాగమునకు ఉద్దేశము. కాని కుంపటిలో పొగ పుట్టకుండునా? పారాసెటమాల్‌ను చూడుడు. మనయింట ఉప్పు వలె సర్వసాధారణమైన ఆ మాత్రలో అధికభాగము నిరపాయముగా సాగిపోవును. కొద్దిపాలు మాత్రము కాలేయములో ఒక క్రూరమైన విషముగా మారును. గ్లూటథయోను అను ద్రవ్యము దానిని వెంటనే పట్టి అణచివేయును. అయిదువందల మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది, అనగా నాలుగు గ్రాములు, పెద్దవారికి దినమునకు కడపటి హద్దు. అది దాటినచో గ్లూటథయోను నిలువ తరిగి, విషము కాలేయకణముల మీదికి తిరుగును. మద్యపానము అలవడినవారికి, పస్తులున్నవారికి ఆ హద్దు ఇంకను తక్కువ. ఈ మర్మమును 1970ల తొలిభాగమున అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రజ్ఞులు విప్పిచెప్పిరి. గ్లూటథయోను నిలువను మరల నింపు ఎసిటైల్ సిస్టీన్ దానికి విరుగుడుగా నిలిచినది. మూడు కంపెనీల జలుబుమాత్రలను ఒకేదినము వేసికొనువారు, మూడింటిలోను ఇదే మందున్నదని రేకు వెనుక చదువుకొనుట మేలు.

ఐసోనియాజిడ్ సంగతి వేరు. దానికి ఎసిటైలు అను తోకను తగిలించి కాలేయము పంపివేయును. ఈ పనిలో మనుష్యులందరు సమానులు కారు. కొందరు వేగముగా చేయుదురు, కొందరు మెల్లగా; అది తల్లిదండ్రులనుండి వచ్చిన జన్యువు వలన. మనదేశమున సగముకన్న ఎక్కువమంది మందగాములే. మెల్లగా చేయువారి దేహమున మందు నిలిచి, బి-6ను హరించి, అరికాళ్ళలో మంట రగిలించును. అందుకే ఆ చిన్న మాత్ర. ఆ కోర్సులోనే ఉండు రిఫాంపిసిన్ మరియొక చిత్రము చేయును: కాలేయములోని కుంపట్లను ఎగదోసి, ఇతర మందులను సైతము త్వరత్వరగా కాల్చివేయునట్లు చేయును. గర్భనిరోధక మాత్ర వేసికొను స్త్రీకి, మూర్ఛమందు వాడు రోగికి, తాము వాడునది పనిచేయలేదేమి యని తోచుటకు కారణమిది కావచ్చును. 1959లో బెంగుళూరులోనే నెలకొన్న జాతీయ క్షయ సంస్థ వంటి కేంద్రములు దేశమంతటికి క్షయనివారణ పద్ధతి నేర్పినవి. కాని పొట్లము కట్టు చేతికి, మాత్ర వ్రాయు చేతికి నడుమ మాటలు నేర్పు సంస్థ ఇంతవరకు లేదు.

ఈ కుంపట్లలో ప్రధానమైన దానికి విచిత్రమైన పేరు: సైటోక్రోమ్ పి-450. జపానులో ఒమూర, సాతో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1960ల ఆదియందు దీనిని వర్ణించిరి. ఇనుము కలిగిన ఈ వర్ణద్రవ్యమునకు కార్బన్ మోనాక్సైడును చేర్చినచో, 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కాంతిని మ్రింగును; పి అనగా పిగ్మెంటు. అంతియే. తొలుత ఒక్కటే యనుకొన్నది తరువాత పెద్ద కుటుంబమని తేలినది. మనుష్యునిలోనే ఏబదికి పైగా ఉన్నవి. ఇవి అన్నియు కాలేయముననే కలవని, మెదడునకు ఇట్టి పనితో సంబంధము లేదని చిరకాలము ఎల్లరు భావించిరి. మెదడు రాజు, మందులు వండుట వంటవాని పని, రాజు వండునా?

ఆ ప్రశ్నను తీవ్రముగా పట్టుకొన్నవారిలో ముఖ్యురాలు విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఎస్సి., ఎం.ఎస్సి. చదివి, 1981లో మైసూరు విశ్వవిద్యాలయము డాక్టరేటును పొంది, అమెరికాలోని జాతీయ క్యాన్సరు సంస్థలో పనిచేసి, 1986లో ఆమె నిమ్హాన్సులో చేరిరి. వాల్తేరు గాలి పీల్చిన విద్యార్థిని బెంగుళూరులో ప్రపంచము పట్టించుకొను పని చేసినదనుట మన కొక చిన్న గర్వము. ఇంతకంటె ఎక్కువ గర్వపడుట శాస్త్రమునకు తగదు.

ఆ పని ఎట్టిదో చెప్పెదను. ఎలుక మెదడు సులభముగా దొరకును. కాని ఎలుక మెదడులో కనుగొన్నది మనుష్యుని మెదడులో ఉన్నదని చెప్పుటకు వీలులేదు. మనుష్యుని మెదడు కావలెను. రోడ్డు ప్రమాదములలో మరణించినవారి శవపరీక్ష సమయమున, చట్టబద్ధముగ, త్వరితముగా తీసి శీతలీకరించిన మెదడు భాగములు ఆ పరిశోధనకు ఆధారమైనవి. నాడీరోగ విజ్ఞాని ఎస్.కె. శంకర్ ఆ పనిలో సహకరించిరి. తరువాత నిమ్హాన్సులో మానవ మెదడుల నిధి నెలకొనినది. ఒక్క క్షణమాగి తలచుడు: రాత్రి పదిగంటలకు ఇంటికి పోవుచు ప్రమాదమున కూలిపోయిన ఎవరో ఒక యువకుని మెదడు, ఆ యింటివారు ఏడ్చుచుండగనే, మరునాడు ఎవరికో ఇచ్చు మాత్ర ఎట్లు పనిచేయునో చెప్పుటకు సాక్షియైనది. ఆ దాతల పేర్లు ఏ పత్రములోను ఉండవు.

ఆ కణజాలమును మెత్తగా నూరి, మహావేగముతో తిప్పి, అడుగున దిగిన పొరనుండి సూక్ష్మ భాగములను వేరుచేసి, వానిలో పి-450 ఉన్నదా యని వెదకిరి. పేట సందులలో దుమ్ము ఊడ్చుట నాకు స్ఫురించినది ఇక్కడనే. కాలేయమున పి-450 కుప్పలుగా ఉండును. మెదడున ఉన్నది దానిలో అల్పభాగము. సగటు లెక్క వేయువారు ఆ అల్పమును చూచి ‘లేనట్లే’ అనిరి. కాని మెదడు కాలేయము వలె ఏకరూపమైన ముద్ద కాదు. ఆ కొద్దిపాటి పి-450, కొన్ని నాడీకణములలో దట్టముగ చేరియున్నచో, ఆ కణమునకది కొద్ది కాదు. వీధినంతయు కలిపి తూచినచో దుమ్మే; నలుసును పట్టుకొన్నచో బంగారము. 1989 నుండి ఆ బృందము ప్రకటించిన పత్రములలో మనుష్యుని మెదడులో ఈ ఎంజైములున్నవని, పనిచేయుచున్నవని చూపిరి. 1996లో వైద్యవిజ్ఞానమున శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము, 2010లో పద్మశ్రీ ఆమెకు లభించినవి.

ఇందువలన మనకేమి? ఆల్‌ప్రజోలాం అను ఆందోళన తగ్గించు మాత్రను తీసికొనుడు. నగర్తపేటలో దీనిని ‘నిద్రమాత్ర’ అని అడిగి కొనువారే ఎక్కువ. ఇది పరివర్తనము చెందినప్పుడు రెండు రూపములు పుట్టును: ఒకటి మందుగుణము గలది, ఒకటి అది లేనిది. 2008లో విజయలక్ష్మిగారి బృందము ప్రకటించిన పత్రములో, కాలేయముతో పోల్చిచూచినప్పుడు మెదడు ఆ మందుగుణము గల రూపమును దామాషాగా ఎక్కువ పుట్టించుచున్నదని, పి-450 కుటుంబములో 3ఎ43 అను ఎంజైము మెదడున కాలేయముకన్న అధికముగా ఉన్నదని చూపిరి. అనగా డాక్టరు రక్తములో మందు ఎంతయున్నదో కొలిచి చూచినను, తలలో జరుగునది ఆ కొలతలో కనబడకపోవచ్చును. రక్తము వీధి, మెదడు తలుపు మూసిన అంగడి. లోపల ఎవరేమి కరగించుచున్నారో వీధిలోని లెక్కతో తెలియదు. ఒకే మోతాదు ఒకరికి మత్తుగాను మరొకరికి నీళ్ళుగాను పరిణమించుటకు ఇదియొక కారణము కావచ్చును.

తలుపు మూసిన ఆ అంగడిలో అప్పుడప్పుడు ఘోరమును జరుగును. 1982లో కాలిఫోర్నియాలో హెరాయిన్ పేర దొంగచాటుగా అమ్మిన మాదకద్రవ్యమును ఎక్కించుకొన్న యువతీయువకులు కొన్ని రోజులలో కర్రలవలె బిగుసుకొనిపోయిరి. పార్కిన్‌సన్ వ్యాధి ముదిరిన వృద్ధుల వలె కనబడిన ఆ రోగులను పరీక్షించిన విలియం లాంగ్‌స్టన్ కారణమును వెదకెను. తయారీలో దొర్లిన లోపముచే ఎమ్.పి.టి.పి. అను కల్మషము కలిసినది. కాని విషము అది కాదు! మెదడులోని సహాయకణములు తమ మోనోఅమైన్ ఆక్సిడేజుతో దానిని వేరొక రూపమునకు మార్చినవి; ఆ రూపమే డోపమైన్ కణములలో చొరబడి వానిని చంపినది. ఇప్రోనియాజిడ్ అడ్డగించి మనసు తేర్చిన ఎంజైముల కుటుంబమే, ఇక్కడ నిరపాయమైన దానిని విషము చేసినది. మెదడులో కుంపటి ఉన్నదనుటకు ఇంతకన్న భయంకరమైన సాక్ష్యము వేరొండు లేదు.

శాస్త్రములో పొరపాటునకు, వివాదమునకు చోటుండుటను కూడ చెప్పవలెను, లేనిచో ఇది పొగడ్త యగును. 2004లో అదే బృందము, దగ్గుమందులలోని కోడీనును మార్ఫినుగా మార్చు కొత్త ఎంజైమొకటి మానవ మెదడులో ఉన్నదని, అది పనిచేయదని ప్రపంచము విడిచిపెట్టిన జన్యువు నుండి పుట్టుచున్నదని ప్రకటించిరి. ఇతర ప్రయోగశాలలు వెదకి, అందుకు కావలసిన జన్యుమార్పు జనసమూహములలో కనబడుట మిక్కిలి అరుదని చెప్పి, ఆ జన్యువు నిజముగా పనిచేయు ప్రోటీనును పుట్టించునా యని సందేహించిరి. నా దృష్టిలో ఇది అవమానము కాదు. తూనికరాయిని మరియొకరు తూచి చూచుటయే కదా! పేటలో బంగారమును ఒరగల్లుమీద గీయకుండ ఎవడును కొనడు.

ఇంకొక సంగతి. కేసరిపప్పును మన తెలుగున లంకపప్పు అందురు. కరవుకాలమున మరేమియు పండనప్పుడు ఇది పండును. పేదవాని కడుపు నింపును. మాసముల తరబడి అదియే తిన్నచో కాళ్ళు పడిపోవును. ఆ పప్పులోని నాడీవిషమును 1964లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరుచేసి దాని రసాయన రూపము నిర్ణయించిరి. అదే సంవత్సరము ఢిల్లీలో, మన వాల్తేరులో చిరకాలము పనిచేసిన టి.ఆర్. శేషాద్రి బృందము కూడ అదే ద్రవ్యమును కనుగొనిరి. ఈ వ్యాధి పురుషులకు ఎక్కువగా, స్త్రీలకు తక్కువగా వచ్చునని పల్లెలలో వైద్యులు ఎప్పటినుండియో గమనించిరి. ఎందుకని? విజయలక్ష్మిగారి ప్రయోగశాల ఈ చిక్కును ఎలుకలలో విప్పినది. ఆ విషము నాడీకణములలోని శక్తికేంద్రములైన మైటోకాండ్రియాలలో ఒక కీలక యంత్రమును కుంటుపరచును. గ్లూటారెడాక్సిను అను ప్రోటీను దానిని బాగుచేయును. ఆడ ఎలుకలలో ఈస్ట్రోజను ప్రభావమున ఆ ప్రోటీను అధికముగా ఉండుటచే అవి తట్టుకొనును. పల్లెటూరి గమనికకు ప్రయోగశాల కారణము చెప్పినది. నానబెట్టి, వేడినీటిలో కడిగి, ఆ నీరు పారబోసినచో విషము చాలవరకు పోవునని మాత్రము అవ్వలకు ప్రయోగశాలకన్న ముందే తెలియును.

ఇక మా మేనత్త వాదనకు బలమిచ్చునదియు, ఆమెను ఖండించునదియు అయిన కథ ఒకటి మిగిలియున్నది. అశ్వగంధ, మనము పెన్నేరుగడ్డ అనునది. 2012లో విజయలక్ష్మిగారి బృందము అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించిన వ్యాసమున, ఆల్జీమర్స్ లక్షణములు కలుగునట్లు జన్యుమార్పు చేసిన ఎలుకలకు అశ్వగంధ వేరు సారమును ముప్పది రోజులు నోటిద్వారా ఇచ్చిరి. మతిమరపు తగ్గెను. మెదడులో పేరుకొన్న అమిలాయిడు అను ప్రోటీను గారలు తగ్గెను. ఇక్కడివరకు విని పొట్లము కట్టువాడు చేతులు తట్టును. కాని అసలు విశేషము తరువాత వచ్చును. మెదడును శుభ్రపరచినది ఆ వేరు నేరుగా కాదు. ఆ సారము కాలేయమున ఎల్.ఆర్.పి. అను ప్రోటీనును పెంచెను. అది రక్తమునుండి అమిలాయిడును లాగివేయసాగెను. వీధిలోని చెత్త తొలగగా ఇంటిలోని చెత్త వెలుపలికి రాసాగెను. కాలేయమున ఆ ప్రోటీనును అణచివేసి చూచినప్పుడు మందు గుణము మాయమయ్యెను. మతిమరపునకు వైద్యము కార్జములో జరిగినది!

ఆ కథను ఇక్కడనే ముగించి నెమ్మదిగా అంగడికి పోవచ్చును. కాని 2020లో ఐస్‌లాండు, అమెరికా వైద్యులు అశ్వగంధ వాడిన అయిదుగురికి కామెర్లు వచ్చిన వివరమును ప్రకటించిరి. వాడుట మొదలుపెట్టిన రెండు నుండి పండ్రెండు వారములలో వచ్చినది, మానివేయగా మాసములకు నెమ్మదించినది, ఎవరును మరణింపలేదు. 2023లో డెన్మార్కు దానిని నిషేధించెను. ఎలుక కాలేయమున మెదడునకు మేలుచేసిన వేరు, కొందరు మనుష్యుల కాలేయమునకు కీడు చేసినది. ఎవరికి, ఎంత మోతాదున, ఏ మందుతో కలిసినప్పుడు? కామెర్లకు మన పల్లెలలో దంచి పోయు నేల ఉసిరి పసరు సంగతియు ఇట్టిదే. 1988లో మద్రాసు పరిశోధకులు ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్‌లో అది హెపటైటిస్-బి వాహకులకు పనిచేసినదని వ్రాసిరి. తరువాతి ప్రయత్నములలో ఇతరులకు ఆ ఫలితము దొరకలేదు. వేరు దేవుడిచ్చినదైనను, దానికి ఒరగల్లు అవసరమే.

విజయలక్ష్మిగారి పని ఇప్పుడు ప్రయోగశాల గడప దాటి మన ముంగిటికి వచ్చినది. మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రమును తొలి డైరెక్టరుగా నెలకొల్పి, బెంగుళూరునకు మరలివచ్చి భారత విజ్ఞాన సంస్థలో చేరిన పిదప, మెదడు పరిశోధన కేంద్రమును ఆరంభించిరి. దాని ఆధ్వర్యమున కోలారు జిల్లా శ్రీనివాసపురము పల్లెలలో, నలుబదియైదేండ్లు దాటిన పదివేలమందిని సంవత్సరముల తరబడి అనుసరించి, వారి జ్ఞాపకశక్తి, ఆహారము, రక్తము, జన్యువులు పరీక్షింపవలెనని సంకల్పించిరి. మదనపల్లెకు ఎదురుగానున్న ఆ మామిడితోపుల సీమలో ఇంటిలో తెలుగు మాటలాడువారు ఎందరో. పాశ్చాత్య దేశములలోని ముసలివారి మెదడులపై కట్టిన శాస్త్రమునకు ప్రక్కన, రాగిసంగటి తిని, నాలుగుగంటలకే లేచు మన ముసలివారి మెదడుల లెక్క ఇప్పుడు చేరుచున్నది. వారేమి తినుదురో అడుగునప్పుడు, ఏ వేరు నమలుదురో కూడ అడుగుదురని ఆశింతును.

మొన్న ఆదివారమున పేటకు పోయి, ఆ గ్రంధిగె అంగడిలో కరక్కాయలు కొంటిని. యజమాని కొడుకిప్పుడు కూర్చుండుచున్నాడు. ఫార్మసీ డిప్లొమా చదివినాడట. పొట్లము కట్టుచు, తలయెత్తక, అడిగినాడు: “అన్నా, ఎవరికి? ఇంగ్లీషు మందులేమైనా వాడుతున్నారా ఇంట్లో?” ఆ ప్రశ్నను ఆ అంగడిలో నేను వినుట అదియే మొదలు. పొట్లము ఇంకను పాత వార్తాపత్రికలోనే కట్టినాడు. కాని దానిమీద నీలిసిరాతో పేరు, తేదీ వ్రాసినాడు.

చదువరులకు నా మనవి ఇది: మీయింట ఎవరైనను క్షయకో, మూర్ఛకో, రక్తపోటుకో, నిద్రకో మాత్రలు వాడుచున్నచో, వచ్చేమారు ఆసుపత్రికి పోవునప్పుడు ఆ పొట్లమును కూడ జేబులో పెట్టుకొని పొండు, డాక్టరు అడుగకున్నను బల్లమీద పెట్టుడు.